ప్రశాంతత పీరియడ్‌లో బల్లి పలికింది

ముప్పై నాలుగేళ్లు పిల్లల మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన నాకు, సరిగ్గా రిటైరయ్యే ఏడాది పై నుంచి ఒక కొత్త పని వచ్చింది. చిన్నపిల్లలకు మనసు నిమ్మళంగా ఉంచుకోవడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పాలట, దానికి ప్రశాంతత పీరియడ్ అని పేరు. దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమంటే ఇదే. ఇంటికొచ్చి చెబితే మా ఆయన చేతిలో టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. "ముందుగాల నీకు నేర్పెటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు. ఆ పూట ఆయన అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి మేడం అంటారు. ఫలానా పిల్లవాణ్ని చెయ్యి పట్టి దిద్దించాను, ఇవాళ వాడు డాక్టరు అనే రకం కథ వింటామని వాళ్ల ఆశ. అలాంటివి చెప్పడానికి సన్మాన సభల్లో శాలువాలు కప్పుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నా దగ్గర ఉన్నది నా తప్పు ఒకటి. మీకు పనికొస్తుందనే చెబుతున్నాను, పనికి రాకపోతే కనీసం నవ్వుకోవడానికైనా ఉంటుంది.

వర్ధన్నపేట దాటాక ఖమ్మం రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే మా బడి ఉండేది. రెండు గదులు, ముందు ఒక వరండా, ఇద్దరం టీచర్లం. నేను హెడ్మిస్ట్రెస్‌ని, అంటే తాళాలగుత్తి నా దగ్గర ఉంటుందని అర్థం. రెండో ఆయన నా కొడుకు ఈడువాడు. పాఠం చక్కగా చెప్పగలడు గానీ పాపం ఆయనకు తీరిక ఏదీ? పొద్దున హాజరు ఫొటో, మధ్యాహ్నం భోజనం ఫొటో, కోడిగుడ్డు ఫొటో, మరుగుదొడ్డి కడిగిన ఫొటో, మొక్కకు నీళ్లు పోసిన ఫొటో. అన్నీ ఫోన్లో పైకి పంపాలి. ఇద్దరిలో ఒకరు శిక్షణకు పోవాలని ఉత్తర్వు వచ్చినప్పుడు మేం పెద్దగా ఆలోచించలేదు. ఆయన పోతే ఫొటోలు ఆగిపోతాయి, నేను పోతే పాఠాలే కదా ఆగేది. నేను పోయాను.

హనుమకొండలో మూడు రోజుల శిక్షణ. నేర్పేవాడు పాతికేళ్ల అబ్బాయి, ఖద్దరు లాల్చీ తొడుక్కుని మెత్తగా మాట్లాడేవాడు. ముందు బల్ల మీద ఒక కంచు గిన్నె, దాన్ని కొట్టడానికి చిన్న కర్ర. గిన్నె మోగించి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా కళ్లు మూసుకుని వినమన్నాడు. నా పక్కన కూర్చున్న కేసముద్రం వైపు టీచరమ్మ మొదటి మోతకే నిద్రపోయింది. రెండో మోతకు గురక మొదలైంది. "చూడండి, మేడం గారు ఎంత లోతుకు వెళ్లిపోయారో," అన్నాడా అబ్బాయి మురిసిపోతూ.

తర్వాత మా అందరి చేతుల్లో ఒక్కొక్క కిస్మిస్ పెట్టాడు. దాన్ని ఐదు నిమిషాలు తినాలట. ముందు చూడాలి, ఆపైన వాసన చూడాలి, తర్వాత నాలుక మీద పెట్టుకుని కొరక్కుండా ఉండాలి. చేశాం. పదకొండున్నరకు సమోసాల ట్రేలు వచ్చాయి. అప్పటిదాకా ఒక్క కిస్మిస్‌తో కాపురం చేసిన మేమంతా వాటి మీద పడ్డ తీరు నేను వర్ణించను, నాకూ రెండు దొరికాయి కాబట్టి. ఆ అబ్బాయికి మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

వచ్చేటప్పుడు మాకో గిన్నె, ఒక పెద్ద చార్టు ఇచ్చారు. చార్టులో నాలుగు గడులు, ఒక్కో గడిలో ఒక్కో ముఖం. సంతోషం, బాధ, కోపం, భయం. ప్రతి పిల్లకూ పేరు రాసిన బట్టల క్లిప్పు ఒకటి ఉంటుంది. పొద్దున రాగానే ఆ పిల్ల తన మనసు ఎలా ఉందో ఆ గడికి క్లిప్పు తగిలించాలి. మేం ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. సంతోషం గడి నిండుగా ఉంటే బడికి ఆకుపచ్చ రంగు, లేకపోతే ఎరుపు. సంతోషం గడిలో లేని ప్రతి క్లిప్పుకూ కారణం ఏమిటి, తీసుకున్న చర్య ఏమిటి అని రెండు గడులు నింపాలి. ఆ పిల్లతో కూర్చుని మాట్లాడారా అని అడిగే గడి మాత్రం ఎక్కడా లేదు.

మొదటి వారం నాకు నిజంగా సరదాగానే ఉండేది. గిన్నె కొట్టి కళ్లు మూసుకోమంటే మూసుకునేవాళ్లు. "కండ్లు మూస్తే ఏం కనపడ్డదిరా?" అని ఒకణ్ని అడిగాను. "కోడికూర మేడం," అన్నాడు. కోపం వచ్చినప్పుడు ఏం చేయాలని అడిగితే గట్టిగా ఊపిరి తీసుకోవాలని చెప్పాలి, పుస్తకంలో అలాగే ఉంది. ఒకటో తరగతి పిల్ల లేచి, "మా నాయినమ్మకు కోపమొస్తె తిడ్తది మేడం. తిట్టినంక మంచిగైతది," అంది. నా మనసులో ఉన్నదీ అదే, కానీ నేను శిక్షణ పొందినదాన్ని. ఊపిరి తీసుకోవాలని చెప్పాను.

పిల్లలు క్లిప్పులు నిజాయితీగా పెట్టారు. అదే మా కొంప ముంచింది. పెన్సిల్ పోయినవాడు బాధలో పెట్టాడు, అన్న చేత తన్నులు తిన్నది కోపంలో పెట్టింది. నెల తిరక్కుండా మండల సమావేశంలో మా బడి ఎర్రరంగులో తెర మీద కనబడింది. "మీ బడి పిల్లలకే ఇన్ని బాధలెందుకమ్మా?" అని అడిగాడు అధికారి. మా పిల్లలు అబద్ధం చెప్పలేదు సార్ అనాలి నేను. నోట్లోంచి వచ్చింది మాత్రం "సరిచేస్తాం సార్" అని.

సరిచేశాం. ఆ ఆలోచన నాదే, ఫొటోలు తీసే మా సారుది కాదు. ఫొటో తీసే ముందు క్లిప్పులన్నీ నా చేత్తోనే సంతోషం గడిలోకి జరిపేదాన్ని. ఏడుస్తున్న పిల్ల ఏడుస్తూనే ఉండేది, దాని క్లిప్పు మాత్రం నవ్వే ముఖం కింద వేలాడేది. పది రోజుల్లో మా బడి పచ్చగా మారింది. వానాకాలపు వరి కూడా అంత తొందరగా పచ్చబడదు.

ఇక ఆ పిల్ల సంగతికి వస్తాను. రెండో తరగతి. బక్కపలచగా, రెండు జడలతో, మాటకు ముందు కాసేపు మన మొహంలోకి చూసేది. తండ్రి లేడు. తల్లి మేస్త్రీల దగ్గర కూలికి పోయేది, స్లాబు పోసే రోజుల్లో పొద్దుగూకులూ కాంక్రీటు తట్టలు మోసేది. ఆ పిల్ల కూర్చునేది గదిలో వెనక మూల, గోడవారగా, ఎనిమిదిమంది కూర్చునే చాప మీద. ఆ పిల్ల క్లిప్పు రోజూ భయం గడిలోనే ఉండేది. నేను రోజూ తీసి సంతోషంలో పెట్టేదాన్ని. మర్నాడు పొద్దున మళ్లీ భయంలోనే పెట్టేది.

ఒకరోజు విసుగొచ్చి అడిగాను. "దేనికే బిడ్డా నీకంత భయం? బూచోడా?"

"పైన టిక్కు టిక్కుమంటాంది మేడం."

"బల్లే అది."

"బల్లైతె కనపడాలె గద మేడం. నేను రోజు చూస్తాన. బల్లి లేదు." నోటు పుస్తకం తెరిచి చూపించింది. కాగితం మీద సన్నటి ఇసుక, వేలితో గీస్తే గీత పడేంత. నేను పుస్తకం తీసుకుని ఉఫ్‌మని ఊది, "గాలికి దుమ్ము రాదా? కూసో పో," అన్నాను.

ఇప్పుడు మీకు దాచకుండా ఒక మాట చెబుతాను. ఆ మూల కప్పు ఉరుస్తుందని నాకు తెలుసు. నీటి మరక గొడుగంత ఉండేది. రెండు సార్లు పైకి ఉత్తరం రాశాను, ఒకాయన వచ్చి కిందనుంచే చూసి, ప్రస్తుతానికి వాడుకోవచ్చని చెప్పి పోయాడు. ఆ తర్వాత నేను తల ఎత్తి చూడటం మానేశాను. చూస్తే మళ్లీ ఉత్తరం రాయాలి కదా.

అంతలో కబురొచ్చింది. జిల్లా నుంచి పెద్దసారు మా బడికి వస్తున్నారట. మండలంలో అందరికంటే పచ్చగా ఉన్న బడి మాదేనట, ప్రశాంతత పీరియడ్ కళ్లారా చూసి, నచ్చితే ఆదర్శ పాఠశాల అని ప్రశంసాపత్రం ఇస్తారట. నేను రిటైరవడానికి ఇంకా రెండు నెలలే ఉన్నాయి. ఆ కాగితం నాకు కావాలనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా కావాలనిపించింది. ఇన్నేళ్లలో నాకు వచ్చినవన్నీ సంజాయిషీ అడిగే కాగితాలే.

పెద్దసారు రావడానికి మూడు రోజుల ముందు పొద్దున్నే ఆ పిల్ల తల్లి వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది, బయట కూలీల ఆటో హారన్ కొడుతోంది. "మేడం, బడికి పోనని ఒక్కటే ఏడుపు. దీన్ని జర ఇంకో జాగల కూసోబెట్టరాదుండ్రి," అంది. అంటూనే లోపలికి వచ్చి తల ఎత్తి చూసింది. కొంగు నడుముకు దోపుకుని, మూలనున్న చీపురుకట్ట తిరగేసి దాని కర్రతో పైన రెండు దెబ్బలు కొట్టింది. డొల్ల మోత వచ్చింది.

"పెచ్చు లేసింది మేడం. ఊడేముందు గిట్లనే ఇసుక రాల్తది. పిల్లల్ని కింద కూసోబెట్టకుండ్రి."

రోజూ కాంక్రీటు మోసే మనిషి చెబుతోంది. నేనేమన్నానో తెలుసా? "ఇంజనీర్లు చూసుకుంటర్లేమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు. ఈ మూడు దినాలు కానీ, పెద్దసారు వచ్చిపోయినంక మార్పిస్త," అన్నాను. ఆటో మళ్లీ హారన్ కొట్టింది. ఆవిడ నన్నొకసారి, పైకొకసారి చూసి వెళ్లిపోయింది. వెనక మూల ఖాళీగా ఉంటే ఫొటోలో బోసిగా కనబడుతుందని నా లెక్క.

ఆ మూడు రోజులూ పిల్లలకు ప్రశాంతత బాగా రుద్దాను. గిన్నె ఒకసారి మోగితే కళ్లూ నోరూ మూసుకోవాలి, రెండోసారి మోగేదాకా తెరవకూడదు. మధ్యలో ఎవడైనా కిక్కురుమంటే తోలు తీస్తానని చెప్పాను. మనసును నిమ్మళంగా ఉంచుకోవడం నేను నేర్పిన పద్ధతి అది.

పెద్దసారు వచ్చిన రోజు పిల్లలు తలలకు నూనె పెట్టుకుని, ఉతికిన యూనిఫారాలతో వచ్చారు. కంచు గిన్నె అబ్బాయి కూడా వెంట వచ్చాడు. తలుపు దగ్గర వాళ్లిద్దరికీ కుర్చీలు వేశాం. నేను పిల్లలకు దగ్గరగా ఉంటే బాగుంటుందని వెనక చాప పక్కనే ఒక స్టూలు వేసుకున్నాను. మా సారు ఫోన్ పట్టుకుని పెద్దసారుకు ఎదురుగా నిలబడ్డాడు. గోడ మీద చార్టులో క్లిప్పులన్నీ సంతోషం గడిలో కిక్కిరిసి ఉన్నాయి.

పెద్దసారు లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. "ఈ బడిలో పిల్లలు ఏ భయమూ లేకుండా పెరుగుతున్నారు," అన్నాడు.

పైనుంచి టిక్కు టిక్కుమంది.

మనవాళ్లలో ఒకరు మాట అనగానే బల్లి పలికితే ఆ మాట నిజమని కదా నమ్మకం. మా సారు వెంటనే చిటికె వేశాడు. "సత్యం సార్! బల్లి పలికింది!" అన్నాడు. పెద్దసారు ముఖం వెలిగిపోయింది. అంత పెద్ద ఉద్యోగిని ఒక బల్లి సమర్థించడం ఆయనకెంత నచ్చిందంటే, అదే వాక్యం మళ్లీ చెప్పాడు. పైన మళ్లీ టిక్కుమంది. నేను కూడా నవ్వుతూ చిటికె వేశాను. వెనక మూల నుంచి ఆ పిల్ల పైకి చూస్తోంది. నేను కళ్లు ఉరిమి చూస్తే తల దించుకుంది.

గిన్నె మోగింది. అందరం కళ్లు మూసుకున్నాం. "మీ చుట్టూ ఉన్న శబ్దాలను గమనించండి," అన్నాడా అబ్బాయి మెత్తటి గొంతుతో. "దేన్నీ మార్చాలనుకోకండి. ఊరికే వినండి."

విన్నాను. రోడ్డు మీద ట్రాక్టరు పోతోంది. వంట దగ్గర పప్పుకు పోపు పెట్టిన చప్పుడు. పైన టిక్కు టిక్కు. దాన్ని కూడా విన్నాను, బల్లి లెక్కలో వేశాను. ఆ తర్వాత నా మనసు ప్రశంసాపత్రం మీదికి పోయింది. దానికి ఫ్రేము కట్టించి హాల్లో ఏ గోడకు తగిలించాలి, మా ఆయన కుర్చీకి ఎదురుగా పెడితే రోజూ చూసి చస్తాడు కదా అని లెక్కలు వేసుకుంటున్నాను.

ఎవరో నా కొంగు లాగారు.

ఇంత చెప్పినా అల్లరి మానలేదా అనుకున్నాను. కళ్లు తెరవకుండానే ఆ చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా గిల్లాను. చెయ్యి వదల్లేదు. ఈసారి గోరు దిగేలా గిల్లాను. అయినా కొంగు లాగుతూనే ఉంది. ఇక నా కోపం నెత్తికెక్కింది. చెవి పట్టుకుని వరండాలో నిలబెడదామని లేచి కళ్లు తెరిచాను.

గదిలో పిల్లలు లేరు.

ఒక్కరూ లేరు. చాపలు ఖాళీ. గుమ్మం బయట వరండాలో అందరూ వరసగా నిలబడి ఉన్నారు, పెదాల మీద వేలు పెట్టుకుని. ఒక్కడూ కిక్కురుమనడం లేదు. నా ముందు ఆ పిల్ల ఒక్కతే ఉంది. కళ్ల నిండా నీళ్లు, పెదాలు బిగబట్టింది, ఒక చేత్తో నా కొంగు, రెండో చేత్తో పైకి చూపిస్తోంది.

నేను పైకి చూసి ఉంటే గొప్పగా ఉండేది. చూడలేదు. దాని చెవి పట్టుకుని గుమ్మం వైపు నాలుగడుగులు ఈడ్చుకుపోయాను. అప్పుడు పడింది. తలుపంత పెచ్చు ఒకటే ముక్కగా, ఇనుప చువ్వల్ని వదిలేసి, వెనక చాప మీదా నా స్టూలు మీదా పడింది. స్టూలు కాలు విరిగింది. ఆ రోజు నన్ను బతికించింది ప్రశాంతత కాదు, నా పాడు కోపం. అంతకు ముందు, ఆ పిల్ల వదలని చెయ్యి.

దుమ్ములోంచి పెద్దసారు గొంతు వినబడింది. "ఏమైంది? పిల్లలేరీ?" ఆయన కనుబొమలు తెల్లబడి ఉన్నాయి. గిన్నె అబ్బాయి కర్ర చేతిలోనే పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. వెనక చాప మీది ఎనిమిదిమంది పిల్లలు పెద్దసారు కుర్చీ పక్కనుంచి, మిగతావాళ్లు వాళ్ల వెనక, ఒక్కొక్కరే బయటికి పోయారు. ఆయనకు తెలియలేదు. మా సారుకూ తెలియలేదు. ఆయన ఫోన్ మొదటి నుంచి చివరిదాకా పెద్దసారు ముఖం మీదే ఉంది.

తర్వాత తెలిసింది. ఇసుక ధారగా రాలడం చూసి ఆ పిల్ల పక్కదాన్ని గోకి పైకి చూపించింది. పక్కది ఇంకోదాన్ని గోకింది. గిన్నె రెండోసారి మోగలేదు కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. అందర్నీ పంపించాక తను వెనక్కి వచ్చింది, నా కోసం.

వరండాలో దాన్ని దగ్గరికి లాక్కున్నాను. "పిచ్చిదానా, అరవకపోయినవే! ఒక్క కేక పెడితే అందరం లేచెటోళ్లం గద!"

"నోరు తెరిస్తె తోలు తీస్తనన్నరు గద మేడం," అంది.

నెత్తిన కప్పు ఊడిపడుతున్నా దానికి నోరు పెగల్లేదు. దాని క్లిప్పు రోజూ భయం గడిలో ఉండటానికి కారణం కప్పు ఒక్కటే అనుకున్నాను ఆ రోజుదాకా. ఏడుపు వచ్చింది నాకు. పిల్లల ముందు, పెద్దసారు ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. చార్టులో బాధకూ ఒక గడి ఉంది కాబట్టి తప్పులేదనుకుంటాను.

వారం తర్వాత పెద్దసారు నివేదిక వచ్చింది. ఆపద సమయంలో ఈ బడి పిల్లలు చూపిన నిగ్రహం, క్రమశిక్షణ ప్రశాంతత పీరియడ్ సాధించిన ఫలితమని రాశారు. ప్రశంసాపత్రం కూడా జతచేశారు. కప్పు గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఫ్రేము కట్టించలేదు, బీరువాలో సంజాయిషీ కాగితాల కట్టలోనే పెట్టాను. వాటికి తోడుంటుంది.

దానికంటే ముందు, పెచ్చు పడిన మర్నాటి సంగతి చెప్పాలి. గదికి తాళం వేసి బడి వరండాలోకి మార్చాం. దుమ్ము దులిపి చార్టు స్తంభానికి కట్టాం. పిల్లలు వచ్చి క్లిప్పులు పెట్టుకుంటున్నారు. ఆ పిల్ల వచ్చింది. ముంజేతి మీద నా గోళ్లు దిగిన చోట రెండు ఎర్రటి గీతలున్నాయి. క్లిప్పు తీసుకుని కాసేపు చార్టు వైపు చూసి, కోపం గడికి తగిలించింది.

"ఎవరి మీద బిడ్డా కోపం?"

నా ముఖంలోకి చూసింది. "మీ మీదనే మేడం."

మా సారు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మేడం, ఫొటో తియ్యాలె. గా ఒక్కటి జర ఇటు జరపన్నా?"

"ముట్టుకున్నవంటే చేతులిరగ్గొడత," అన్నాను. అంతా మారిపోయానని మీరనుకుంటారేమోనని చెబుతున్నాను.

ఫొటో ఉన్నది ఉన్నట్టు పోయింది. కారణం ఏమిటని యాప్ అడిగింది. ఇంట్లో గొడవ, అనారోగ్యం, తోటి పిల్లలు, ఇతరములు అని నాలుగు ఉన్నాయి ఎంచుకోవడానికి. టీచరు అనేది లేదు. ఇతరములు నొక్కి, 'హెడ్మిస్ట్రెస్' అని రాయించాను. తీసుకున్న చర్య అనే గడి దగ్గర మా సారు ఆగి నా వైపు చూశాడు. అప్పటికి ఇంకా ఏమీ తీసుకోలేదు కదా. వెళ్లి ఆ పిల్ల ముందు కింద కూర్చున్నాను. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోవడం ఎంత కష్టమో, ఆ మాట అనడం అంతకు పదింతలు కష్టమైంది.

"తప్పు నాదే బిడ్డా. నువ్వు ఎన్నిసార్లు చెప్పినా నేను ఇనలే. పైగా గిల్లిన."

ఆలోచించింది. "మా అమ్మకు గూడ చెప్తరా? అమ్మ చెప్పినా ఇనలే గద."

ఆ సాయంత్రం నేరుగా ఇంటికి పోకుండా వర్ధన్నపేటలో బస్సు దిగి, ఆవిడ పనిచేస్తున్న ఇల్లు వెతుక్కుంటూ పోయాను. రెండో అంతస్తు పని నడుస్తోంది. తలమీద ఖాళీ తట్టతో నిచ్చెన దిగుతూ నన్ను చూసి ఆగింది. చెప్పాల్సింది చెప్పాను. తట్ట దించలేదు, మధ్యలో మాట కలపలేదు, అంతా విన్నది.

"సరే మేడం," అంది. "ఇగ ముందర ఎవ్వలన్న చెప్తే జర పైకి చూడుండ్రి." అనేసి ఇసుక కుప్ప దగ్గరికి పోయింది. అక్కడ నాకు కుర్చీ వేసేవాళ్లు గానీ, అంత మాటెందుకు మేడం అనేవాళ్లు గానీ లేరు. ఉండాల్సిన పని కూడా లేదు.

ఆ క్లిప్పు కోపం గడిలో పదకొండు రోజులుంది. రోజూ పొద్దున బస్సు దిగి నేను మొదట చూసేది దాన్నే. పన్నెండో రోజు బాధలోకి మారింది. ఏమైందని అడిగితే, పలక పగిలిందని చెప్పింది. ఇంతకంటే మంచివార్త నా సర్వీసులో వినలేదు. మా బడి మళ్లీ ఎర్రరంగులోకి పోయింది, సమావేశంలో మళ్లీ అడిగారు. "మా పిల్లలు అబద్ధం చెప్పరు సార్," అన్నాను ఈసారి. ఇంకో నెలలో రిటైరయ్యేదాన్ని కాబట్టి అంత ధైర్యం వచ్చిందని మీరంటే నేను కాదనను.

రిటైరైన రోజు వరండాలోనే సభ పెట్టారు. కప్పుకు మరమ్మతు ఇంకా మొదలే కాలేదు. పెద్దసారు రాలేదు గానీ మండల అధికారి వచ్చాడు. శాలువా కప్పాడు, మైకు పట్టుకున్నాడు. "మేడం గారు శాంతమూర్తి. ఇన్నేళ్లలో ఏనాడూ ఒక్క పిల్లను గానీ, పిల్లవాణ్ని గానీ గట్టిగా ఒక్క మాట అని ఎరుగరు," అన్నాడు.

మా సారు తల దించుకున్నాడు. పిల్లలంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో ఆ పిల్ల తల ఎత్తి వరండా కప్పంతా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఓపిగ్గా వెతికింది. నేనూ తల ఎత్తి చూశాను. తర్వాత ఆ పిల్ల నా వైపు తిరిగి, ఎవరి అనుమతీ అడక్కుండా, మైకు కంటే గట్టిగా అంది.

"బల్లి పల్కలే మేడం!"